డాలస్‌లో మేడారం స్పెషల్

ఆర్టీసీలో 32 ఏళ్లు చేశాను. కండక్టర్‌గా చేరి, హన్మకొండ బస్టాండులో కంట్రోలర్‌గా రిటైరయ్యాను. రిటైరై మూడేళ్లు దాటినా ఏ బండి ఎక్కినా ముందు సీట్లు, తర్వాత తలకాయలు లెక్కపెట్టే రోగం మాత్రం పోలేదు. మా దగ్గర దాన్ని ఓఆర్ అంటారు, ఉన్న సీట్లలో ఎన్ని నిండాయన్న లెక్క. పొద్దున్నే డిపో మేనేజర్ నోట్లోంచి వచ్చే మొదటి మాట అదే. 2024 సెప్టెంబరు చివర్లో నేనూ మా ఆవిడా మా అబ్బాయి దగ్గరికి, టెక్సస్‌లో డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌కి వచ్చాం. అబ్బాయీ కోడలూ ఉద్యోగాలకు పోతే మేమిద్దరం ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం. నాకు కారు నడపడం రాదు, వచ్చినా ఇక్కడ వాడు తాళం ఇవ్వడు. నాలుగో రోజుకే పిచ్చెక్కింది. అప్పుడు ఒక నోట్‌బుక్కు తీసుకుని ఇక్కడి బస్సులూ రైళ్లూ ఎక్కి తిరగాలని డిసైడయ్యాను. ఆ నోట్‌బుక్కులో రాసుకున్నదే ఇది.

అక్టోబరు 5, శనివారం. ఫ్రిస్కో

ఇంకా బస్సు ఎక్కలేదు, ఎక్కకపోవడం గురించే ఇవాళ్టి రాత. ఫ్రిస్కోలో తెలిసినవాళ్లు బతుకమ్మ ఆడుతున్నారంటే మా అబ్బాయి కారులో వెళ్లాం. మా ఆవిడ వెనక సీట్లో తాంబాలం ఒళ్లో పెట్టుకుని, బతుకమ్మ ఒరిగిపోకుండా రెండు చేతులతో పట్టుకుని అరగంట అలాగే కూర్చుంది. వచ్చినవాళ్లు రెండొందల మంది ఉంటారేమో, బయట కార్లు చూస్తే వందకు తక్కువ లేవు. మన దగ్గర రెండొందల మందంటే నాలుగు బస్సులు, ఇరుక్కుంటే మూడు.

అక్కడ మాలాగే పిల్లల దగ్గరికి వచ్చిన కర్నూలు పెద్దాయన ఒకాయన కలిశాడు. ఐదు నెలలైందట వచ్చి. "ఏం చూశారు అన్నగారూ?" అన్నాను. "శనివారం గుడి, ఆదివారం కాస్ట్‌కో షాపు, మిగతా ఐదు రోజులు వీధి చివరి చెట్టు దాకా నడక" అన్నాడు. నవ్వాడు గానీ అది నవ్వు కాదు. ఫ్రిస్కోలో బస్సు లేదా అంటే లేదు. రెండు లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరు, డాలస్ నుంచి వచ్చే రైలు పక్కనున్న ప్లేనోలో ఆగిపోతుంది.

ఎందుకని తవ్వితే విషయం డబ్బు దగ్గర తేలింది. డాలస్ ప్రాంతంలో బస్సులూ రైళ్లూ నడిపే సంస్థ పేరు డార్ట్. మేం వెళ్లినప్పుడు 13 ఊళ్లు అందులో సభ్యులు. సభ్యత్వమంటే ఊళ్లో జరిగే అమ్మకాల మీద డాలర్‌కు ఒక సెంటు పన్ను డార్ట్‌కు పోవాలి. టెక్సస్‌లో ఏ ఊళ్లోనైనా స్థానికంగా అన్నీ కలిపి వేసుకోగల అమ్మకం పన్నుకు డాలర్‌కు రెండు సెంట్లే హద్దు. ఫ్రిస్కో ఆ రెండో సెంటును అరా అరా చేసి కంపెనీలను రప్పించడానికి, పార్కులూ స్టేడియాల లాంటి వాటికి పెట్టుకుంది. అంటే బస్సు కావాలంటే ఆ డబ్బు వదులుకోవాలి. ఊరు కళకళలాడుతోంది నిజమే, కాకపోతే ఆ పెద్దాయన చెట్టు దాకా నడుస్తున్నాడు.

అక్టోబరు 7, సోమవారం. ఇర్వింగ్ నుంచి డాలస్

ఇర్వింగ్ సభ్యత్వం ఉన్న ఊరే కాబట్టి మా ఇంటికి పావుగంట నడకలో బస్‌స్టాప్ ఉంది. ఆ పావుగంటలో సగం దూరం ఫుట్‌పాత్ ఉంది, తర్వాత అది ఉన్నట్టుండి గడ్డిలోకి వెళ్లి ఆగిపోయింది. గడ్డిలో చెప్పులతో నడిచాం. దారిలో ఒక్క మనిషి ఎదురు కాలేదు. ఒక కారు ఆగి, ఏమైనా సాయం కావాలా అని అడిగింది. నడుస్తున్నామంటే ఏదో కష్టం వచ్చిందనుకున్నట్టున్నారు.

32 ఏళ్ల సర్వీసున్న కంట్రోలర్‌ని నేను, వెళ్లి రోడ్డుకు తప్పు పక్క నిలబడ్డాను. మనకు ఎడమ పక్క బండి, వీళ్లకు కుడి. టైముకు బస్సు వచ్చింది, ఎదురు పక్క ఆగింది, వెళ్లిపోయింది. మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువైంది. తర్వాతి బస్సు దాకా బెంచీ మీద కూర్చుని ఆమె తెచ్చిన సకినాలు తిన్నాం.

బస్సు బాగుంది. ముసలివాళ్లు ఎక్కడానికి ముందు భాగం ఒక పక్కకు ఒంగుతుంది, ఏనుగు మోకాలు వంచినట్టు. ముందు సైకిళ్లు తగిలించే ఊచలు. కండక్టర్ లేడు, డ్రైవరే అన్నీ. కిటికీల పొడుగునా ఒక తాడు, దిగాల్సిన చోటు రాగానే లాగాలి, గంట మోగుతుంది. ఆ తాడు చూడగానే నాకు పాత ఎర్రబస్సులు గుర్తొచ్చాయి. ఒక గంట కొడితే ఆపు, రెండు కొడితే పోనీ. నేను అలవాటుగా దిగేముందు ఒకటి కొట్టి, దిగాక రెండు కొట్టబోయాను, మా ఆవిడ చేయి పట్టుకుని లాగింది. దిగేవాళ్లందరూ డ్రైవర్‌కు థ్యాంక్యూ చెప్పి దిగుతున్నారు, ఒక్కరు కూడా మానకుండా. నా సర్వీసులో నాకు థ్యాంక్స్ చెప్పినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, చిల్లర అడిగినవాళ్లని మాత్రం లెక్కపెట్టలేను.

నార్త్ లేక్ కాలేజీ దగ్గరి స్టేషన్లో ఆరెంజ్ లైన్ రైలు. రోజంతటికీ పాస్‌కు అప్పుడు ఆరు డాలర్లు తీసుకున్నారు. స్టేషన్‌కు గేట్లు లేవు, మెట్రోలో మనకున్నట్టు టోకెన్ వేస్తే తెరుచుకునే రెక్కలేమీ లేవు, నేరుగా నడిచెళ్లి ఎక్కడమే, చెకింగ్ వాళ్లు వస్తే పాస్ చూపించాలి. రైల్లో తలకాయలు లెక్కపెట్టాను. పొద్దున పదిన్నరకు రెండు బోగీల్లో 37 మంది. మా డిపో మేనేజర్ ఉంటే ఆ ట్రిప్పు మర్నాడే ఎత్తేసేవాడు. కూర్చున్నవాళ్లు ఎవరంటే ఆస్పత్రి యూనిఫాంలో ఇద్దరు, కాలేజీ పిల్లలు, హోటల్లో పనిచేసేవాళ్లు, మూలన సంచీ తలకింద పెట్టుకుని నిద్రపోతున్న ఒకాయన. సాఫ్ట్‌వేర్ బ్యాడ్జీ మెడలో ఉన్నవాళ్లు నాకు కనపడ్డది ఒక్కరే.

ఇక్కడ నాకు అర్థం కాని సంగతి ఒకటుంది. 1996లో మొదలైన ఈ రైలు దారి ఇప్పుడు 93 మైళ్లు, అంటే 150 కిలోమీటర్లు. హైదరాబాద్ మెట్రో 69 కిలోమీటర్లే. సగం దారి కూడా లేని మన మెట్రో రోజుకు నాలుగున్నర లక్షల మందిని మోస్తుంటే, దీన్ని లక్ష మంది కూడా ఎక్కరు. కిటికీలోంచి బయటికి చూస్తే కొంత తెలిసింది. మన దగ్గర మెట్రో స్టేషన్ మెట్లు దిగితే ఎదురుగా టీ కొట్టు, బట్టల షాపు, కోచింగ్ సెంటర్, పైన నాలుగంతస్తుల్లో జనం. ఇక్కడ చాలా స్టేషన్లలో దిగితే ఎదురుగా పార్కింగ్. దాని వెనక గోడౌన్లు, దాని వెనక హైవే. ఇళ్లు ఎక్కడో ఉన్నాయి, రైలు ఇంకెక్కడో పోతోంది. పైగా రైలు ఇరవై నిమిషాలకో అరగంటకో ఒకటి. మన పల్లెవెలుగు లెక్కన అది తక్కువేం కాదు, కానీ ఇంటి ముందు కారు పెట్టుకున్నవాడు అరగంట ఎందుకు చూస్తాడు?

సిటీప్లేస్ అని ఒక స్టేషన్ మాత్రం భూమిలోపల ఉంది. పైకొచ్చాక మెకిన్నీ అవెన్యూ మీద పాత ట్రామ్ నడుస్తోంది, టికెట్ లేదు, ఫ్రీ. చెక్క సీట్లు, ఇత్తడి పిడులు, గణగణమని గంట. ఒకప్పుడు ఈ ఊరంతా ట్రామ్‌లేనట. ఆఖరిది 1956లో ఆపేశారు. అదే ఏడాది దేశమంతా 41 వేల మైళ్ల పెద్ద హైవేలు వేయడానికి చట్టం చేసి, ఖర్చులో నూటికి తొంభై కేంద్ర ప్రభుత్వమే పెట్టుకుంది. రోడ్డుకు తొంభై వంతులు వేరేవాళ్లు ఇస్తుంటే ట్రామ్ నడపాలని ఏ ఊరనుకుంటుంది! తీసేసిన నలభై ఏళ్లకు మళ్లీ పట్టాలు వేసుకున్నారు. ఆ మధ్యలో ఊరు పట్టాల కోసం ఆగలేదు.

రాత్రి మా అబ్బాయికి చెప్తే, "నాన్నా, ఇంకా నయం, పక్కనున్న ఆర్లింగ్టన్‌కి వెళ్లలేదు" అన్నాడు. డాలస్‌కీ ఫోర్ట్‌వర్త్‌కీ మధ్య నాలుగు లక్షల జనాభా ఉన్న ఊరది. పెద్ద ఫుట్‌బాల్ స్టేడియం, బేస్‌బాల్ స్టేడియం అక్కడే. రూటు ప్రకారం తిరిగే బస్సు ఒక్కటి లేదు. ఫోన్లో పిలిస్తే నలుగురైదుగురిని కలిపి తీసుకెళ్లే వ్యాన్లు నడుపుతున్నారు. షేర్ ఆటో అన్నమాట, ఆటో లేకుండా.

అక్టోబరు 9, బుధవారం. న్యూజెర్సీ

మా అక్క కూతురు ఐసెలిన్‌లో ఉంటుంది. నెవార్క్‌లో విమానం దిగి రైలెక్కి మెట్రోపార్క్ స్టేషన్‌కు. ఈ రైల్లో కండక్టర్ ఉన్నాడు! టోపీ, నీలం కోటు, చేతిలో పంచ్. టికెట్ చూసి, ఒక చిన్న కాగితం చీటీకి టకటకమని రెండు చిల్లులు కొట్టి మా ముందు సీటు మీద దూర్చి వెళ్లిపోయాడు. ఆ చీటీ అక్కడుంటే ఈ సీటు చూసేసినట్టు. మెషీన్లు రాకముందు మేమూ ట్రే నిండా టికెట్లు పెట్టుకుని స్టేజీ నంబరు మీద పంచ్ కొట్టేవాళ్లం, సాయంత్రానికి బొటనవేలు మొద్దుబారిపోయేది. ఆయన బొటనవేలు చూశాను. కాయ కాసింది. నేను కూడా కండక్టర్నే అని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను, ఆయన పంచ్ నా చేతికిచ్చి ఒక పాత చీటీ మీద కొట్టమన్నాడు. కొట్టాను. మా ఆవిడ ఫొటో తీయడం మర్చిపోయింది, ఆ కోపం ఇంకా ఉంది.

స్టేషన్ పక్కనే అంతస్తుల పార్కింగ్, నిండా కార్లు. న్యూయార్క్‌లో ఉద్యోగాలు చేసే మనవాళ్లు పొద్దున ఇక్కడ కారు పెట్టి రైలెక్కి, రాత్రికి మళ్లీ అదే కారులో ఇంటికి. ఇంటి నుంచి స్టేషన్‌కు రెండు మైళ్లు కూడా ఉండవు, ఆ రెండు మైళ్లకీ కారే.

అక్టోబరు 10, గురువారం. న్యూయార్క్

సద్దుల బతుకమ్మ. ఈ రోజు ఏదో ఒక గుడికి పోవాల్సిందేనని మా ఆవిడ పట్టు, ఫ్లషింగ్‌లో పాత గణపతి గుడి ఉంది, కింద క్యాంటీన్లో దోసెలు బాగుంటాయి అని మా మేనకోడలు చెప్పింది. "మామయ్యా, అత్తయ్యా, రైల్లోనే వెళ్లండి, కారులో అయితే పార్కింగ్ వెతుక్కునేసరికి హారతి అయిపోతుంది" అంది. అమెరికా వచ్చాక కారు వద్దు అన్న మొదటి మనిషి.

మధ్యాహ్నం దాకా మన్‌హటన్‌లో తిరిగాం. సబ్‌వే గురించి ఎంతని రాయను! 1904లో మొదలైంది, 472 స్టేషన్లు, రాత్రీ పగలూ ఆగదు. ఎంత దూరం పోయినా ఒకటే ఛార్జీ, మేం వెళ్లిన 2024లో 2 డాలర్ల 90 సెంట్లు ఉండేది, క్రెడిట్ కార్డు గేటుకు ఆనిస్తే చాలు. మురికి ఉంది, ఎలుకను చూశాను, ప్లాట్‌ఫారం మీద ఉక్కపోత, అయినా నాకు ఎక్కడో ప్రాణం లేచొచ్చింది. ఎందుకంటే ఎవరూ టైము చూసుకోవడం లేదు. వచ్చి నిలబడుతున్నారు, రైలు వస్తోంది, ఎక్కుతున్నారు. సూటు వేసుకున్నవాడు, సిమెంటు మరకల బూట్లవాడు, వయొలిన్ పెట్టె మోస్తున్న పిల్ల, అందరూ ఒకే ఊచ పట్టుకున్నారు. డాలస్‌లో రైలెక్కినవాళ్లను చూసి, వేరే దారి లేక ఎక్కారనుకున్నాను. ఇక్కడ వేరే దారి ఉన్నవాళ్లూ ఎక్కారు. ఈ ఊళ్లో సగానికి పైగా ఇళ్లలో అసలు కారే లేదట. ఓఆర్ లెక్కపెట్టబోతే మధ్యలోనే ఆపాల్సొచ్చింది, నా చేయి నాకే పైకి రావడం లేదు.

ప్రతి స్టేషన్లో ప్లాట్‌ఫారం మధ్యన నలుపూ తెలుపూ చారల పలక ఒకటి వేలాడుతుంటుంది. రైలు ఆగగానే నడుమ బోగీలో ఉన్న కండక్టర్ కిటికీలోంచి చేయి బయటపెట్టి ఆ పలకను వేలితో చూపిస్తుంది, ఆ తర్వాతే తలుపులు. బండి మొత్తం ప్లాట్‌ఫారం మీదికి వచ్చిందా లేదా అని చూసుకోవడానికి అది గుర్తు. మేం ఎక్కిన బండిలో కండక్టర్ ఒక లావుపాటి ఆవిడ, వేలికి పెద్ద ఎర్ర రాయి ఉంగరం. స్టేషన్ స్టేషన్‌కూ ఆ ఉంగరం వేలు బయటికి రావడం, పలకను చూపించడం. నేను రెండు స్టేషన్లు ఎక్కువ వెళ్లాను అది చూస్తూ.

సాయంత్రం నాలుగుకు టైమ్స్ స్క్వేర్‌లో ఏడో నంబరు రైలు. దారిలో జాక్సన్ హైట్స్‌లో దిగి పూలు కొందామని ప్లాను. ఊళ్లోనే క్వీన్స్ అనే భాగంలోకి వచ్చాక రైలు భూమిలోంచి పైకెక్కి ఇళ్ల కిటికీల పక్కనుంచి పోతుంది. బాగుందని చూస్తూ కూర్చున్నాను, జాక్సన్ హైట్స్ వచ్చింది, బోర్డు కనపడింది, రైలు ఆగకుండా దడదడమని వెళ్లిపోయింది. ఏడో నంబరులో రెండు రకాలట, గుండ్రం గుర్తు అన్ని చోట్లా ఆగేది, డైమండ్ గుర్తు ఎక్స్‌ప్రెస్. మేమెక్కింది డైమండ్. మా ఆవిడ ఈసారి ఊరుకోలేదు. "ముప్పై ఏళ్లు బస్టాండులో మైకు పట్టుకుని ఇది ఎక్స్‌ప్రెస్, పల్లెవాళ్లు ఎక్కొద్దు అని అరిచారు కదా, ఆ ముక్క ఇక్కడ గుర్తుకు రాలేదా?" అంది. పక్కనున్న కుర్రాడు ఒకడు కిసుక్కున నవ్వాడు. విజయవాడ వాడట.

పూలు లేకుండానే గుడికి వెళ్లాం. రైలు దిగి ఎక్కిన బస్సుకు మళ్లీ డబ్బు తీసుకోలేదు, రెండు గంటల్లోపు మారితే ఫ్రీ. గుడి దగ్గరికి వచ్చినవాళ్లలో చీరలూ పంచెలూ కట్టుకుని బస్సు దిగినవాళ్లను నా కళ్లతో చూశాను, ఇది ఫ్రిస్కోలో చెప్తే నమ్మరు.

రాత్రి మా మేనకోడలి భర్త ఒక లెక్క చెప్పాడు, సెన్సస్ వాళ్లదే. 2019లో దేశం మొత్తమ్మీద ఉద్యోగానికి బస్సులోనో రైల్లోనో వెళ్లేవాళ్లు నూటికి ఐదుగురు. కరోనా తర్వాత ఇంటి నుంచే పని మొదలయ్యాక పడిపోయి, 2023కి మూడున్నర దగ్గరుంది. ఆ ఐదుగురిలో కూడా దాదాపు ఇద్దరు న్యూయార్క్, చుట్టుపక్కలవాళ్లే. అంటే ఒక్క డిపో కలెక్షన్ చూపించి రీజియన్ మొత్తం బాగుందని రిపోర్టు రాసినట్టు. మేం రాసేవాళ్లం లెండి అలాంటివి.

అన్నట్టు, మేం ఇండియా వచ్చేశాక 2025 జనవరి 5 నుంచి మన్‌హటన్ నడిబొడ్డుకు కారులో వస్తే పగటిపూట 9 డాలర్లు కట్టాలని పెట్టారు, ఆ డబ్బు రైళ్లూ బస్సుల బాగుకే.

అక్టోబరు 11, శుక్రవారం. వాషింగ్టన్

ఇక్కడి మెట్రో చూడ్డానికి గుడిలా ఉంది. 1976లో తెరిచారట, కాంక్రీటు పైకప్పు గుమ్మటంలా ఒంగి, గళ్లు గళ్లుగా. రైలు వస్తుంటే ప్లాట్‌ఫారం అంచున లైట్లు మినుకుమినుకుమంటాయి. మన మెట్రోలాగే దూరాన్ని బట్టి ఛార్జీ, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు చూపించాలి. కానీ జనం పలచగా ఉన్నారు. మా బావమరిది కొడుకు యాష్‌బర్న్‌లో ఉంటాడు, అడిగితే "శుక్రవారం కదా మామయ్యా, ఆఫీసుకు ఎవరొస్తారు? మంగళ, బుధ, గురువారాలు చూడాలి" అన్నాడు. యాష్‌బర్న్ దాకా సిల్వర్ లైన్ 2022 నవంబరులో వచ్చింది. హైవే నడి మధ్యలో పట్టాలు, అటు నాలుగు వరసలు కార్లు, ఇటు నాలుగు వరసలు కార్లు. ఇద్దరికీ కలిపి దాదాపు 14 డాలర్లు అయింది, గంట పట్టింది. ఆ ఊళ్లో మనవాళ్లు బోలెడు మంది. రెండు రోజులు దసరా, ఆ రెండు రోజులూ కారే, కాబట్టి రాయడానికి ఏమీ లేదు.

అక్టోబరు 19, శనివారం. మళ్లీ డాలస్

డాలస్‌లో ఏటా స్టేట్ ఫెయిర్ జరుగుతుంది, సెప్టెంబరు చివర్లో మొదలై మూడు వారాల పైన. కౌబాయ్ టోపీ పెట్టుకుని 55 అడుగుల బొమ్మ ఒకటి నిలబడి ఉంటుంది, బిగ్ టెక్స్ అంటారు. మా అబ్బాయి కారు తీస్తున్నాడు. "ఒరేయ్, ఫెయిర్ పార్క్ అని స్టేషనే ఉంది, గేటు ముందర. నోట్‌బుక్కులో రాసుకున్నా" అన్నాను. వాడు నమ్మలేదు. పార్కింగ్‌కే ఇరవై డాలర్ల పైన అవుతుందని కోడలు ఫోన్లో చూపించాక దారికొచ్చాడు. స్టేషన్లో కారు ఊరికే పెట్టుకోవచ్చు. ప్లాట్‌ఫారం మీద నిలబడి వాడు అడిగిన మాట రాసి తీరాలి. "నాన్నా, టికెట్ ఎక్కడ కొంటారు?" ఈ ఊళ్లో ఆరేళ్ల నుంచి ఉంటున్నాడు.

ఆరెంజ్ లైనులో సీట్లు దొరికాయి. ఊరి మధ్యలో గ్రీన్ లైనుకు మారాం చూడండి, ఇక అంతే. తలుపు దగ్గర పిల్లల బండ్లు, టోపీలు, భుజాల మీద పిల్లలు, బూట్లు తొక్కి సారీ చెప్పేవాళ్లు. మేడారం జాతరకు హన్మకొండ నుంచి వేసే స్పెషల్ బస్సులు గుర్తొచ్చాయి, ఒక్క కోళ్లూ బెల్లం బుట్టలూ తక్కువ. కిందటి వారం 37 మంది ఉన్నది ఇలాంటి రైల్లోనే. ఇవాళ ఊచ దొరకని వాళ్లలో కారు లేనివాళ్లు ఎంతమంది ఉంటారు? సగం మందికి ఇంటి ముందు రెండేసి ఉండి ఉంటాయి.

నోట్‌బుక్కు తీసి లెక్కపెట్టబోయాను. మా ఆవిడ లాక్కుని సంచిలో పెట్టేసింది. ఎవరో తలుపుకు అడ్డంగా నిలబడ్డారు, రైలు కదలడం లేదు. నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసింది, "ముందుకు జరగాలి, ముందుకు జరగాలి, వెనక ఖాళీ ఉంది!" తెలుగు ఎవరికర్థమైందో తెలియదు గానీ, జరిగారు.